కుక్కను క్లాసుకి తీసుకెళ్లి, తోటివాళ్లని ఏడిపించకూడదని పిల్లలకి నేర్పడం ఎలా?

"మూగజీవాలను ప్రేమించాలి పిల్లలూ" అని మైకులో చెప్పేసి, వెంటనే ఒక కుందేలును 40 మంది పిల్లల చేతులు మార్చే కార్యక్రమాలు మన విశాఖలో కూడా పెడుతున్నారు. ఒక ప్రైవేటు స్కూల్లో నా కళ్లారా చూశాను. కుందేలు చెవులు వీపుకి అంటించేసి, గుడ్లు మిటకరించి, కదలకుండా బిగుసుకుపోయింది. దాన్ని ఎత్తుకున్న టీచరమ్మేమో "చూశారా, ఎంత బుద్ధిగా ఉందో" అంటోంది. భయంతో బిగుసుకుపోయిన ప్రాణికి బుద్ధిమంతురాలని పేరు పెడితే ఆ పిల్లలకి తలకెక్కేది ఒకటే, నోరెత్తనివాళ్లని ఎంత నలిపినా పర్వాలేదని. ఏడిపించడం మాన్పించడానికి పెట్టిన కార్యక్రమంలోనే ఏడిపించడం నేర్పి ఇంటికి పంపిస్తున్నాం.

జంతువుని పిల్లల ముందుకు తీసుకెళ్లడం తప్పని నేను అనను. సరిగ్గా చేస్తే దీన్ని మించిన పాఠం లేదు. మా బెల్లం నాటు కుక్క, రంగు చూసి పెట్టిన పేరది, గాజువాక నుంచి మధురవాడ దాకా చాలా స్కూళ్లకి నాతో వచ్చింది. మేం చేసేది ఇంతే: ఒక కుక్క, 8 మంది పిల్లలు, 40 నిమిషాలు, అందులో కుక్క గదిలో ఉండేది 15 నిమిషాలు. అవతలి ప్రాణికి ఇష్టం లేనప్పుడు, అది నోటితో చెప్పకపోయినా, గుర్తుపట్టి ఆగడం పిల్లలు నేర్చుకోవాలి. కుక్కని నిమరడం అందుకు ఒక సాకు మాత్రమే. ఇది మనసులో లేకుండా మొదలుపెట్టినవాళ్లే మిగతావన్నీ పాడుచేస్తారు.

ఏ జంతువు?

కుక్కే. అది కూడా మూడేళ్లు దాటి, మీ ఇంట్లోనే పెరిగి, పిల్లల గోల అలవాటున్న కుక్క. కుక్కపిల్లని తీసుకెళ్లొద్దు, దాన్ని పిల్లలు బొమ్మలా చూస్తారు, అది పళ్లొచ్చే వయసులో దొరికిందల్లా కొరుకుతుంది. జాతికుక్కల మీద కూడా నాకు నమ్మకం లేదు, పిల్లలు కుక్కని వదిలేసి "ఎంతకి కొన్నారు మేడం" అని మొదలుపెడతారు. నాటు కుక్క అయితే వాళ్ల వీధిలో రోజూ కనబడేదే, రేపు దాన్ని చూసినప్పుడు పాఠం గుర్తొస్తుంది.

కుందేలు వద్దు. అది వేటకి గురయ్యే జంతువు, భయమేస్తే పారిపోతుంది, దారి లేకపోతే బిగుసుకుపోతుంది, ఎత్తుకున్నప్పుడు గింజుకుని వెనక కాళ్లతో గట్టిగా తన్నితే దాని వెన్నెముక దానికే విరగొచ్చు. పైగా వేడి అసలు పడదు. రోడ్డు పక్క గంపల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే కోడిపిల్లల్ని కొనకండి, క్లాసుకే కాదు, దేనికీ కొనకండి. వాటి నుంచి పిల్లలకి సాల్మొనెల్లా అనే, కడుపు చెడగొట్టే బ్యాక్టీరియా అంటుకోవచ్చు, ఆ కోడిపిల్లలు కూడా ఎక్కువ రోజులు బతకవు. రామచిలుకనీ, నక్షత్ర తాబేలునీ ఇంట్లో ఉంచుకోవడమే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, వాటిని తెచ్చి పిల్లలకి దయ గురించి చెప్పడం మరీ అన్యాయం. పిల్లికి ప్రయాణం పడదు. వీధికుక్క ఎంత మంచిదైనా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి కొస కత్తిరించి ఉన్నా, నాలుగు గోడల మధ్యకి తీసుకురావొద్దు. బయట హాయిగా ఉండే కుక్క గదిలో ఎలా ఉంటుందో మీరు చెప్పలేరు.

జూకి తీసుకెళ్తే సరిపోదా అని అడిగేవాళ్లు ఉంటారు. 1977లో మొదలైన మన ఇందిరాగాంధీ జూ కంబాలకొండ పక్కన ఎంతో బాగుంటుంది, జంతువుల గురించి తెలుసుకోవడానికి తప్పకుండా తీసుకెళ్లండి. ఈ పాఠానికి మాత్రం పనికిరాదు. అక్కడ పులి మొహం తిప్పుకుంటే పిల్లలు ఈలలేస్తారు, కేకలేస్తారు, అయినా పులి చేయగలిగిందేమీ లేదు. మన ప్రవర్తనని బట్టి దగ్గరికి రాగలిగే, లేచి వెళ్లిపోగలిగే ప్రాణి ఎదురుగా ఉంటేనే ఇది సాగుతుంది.

కావలసినవి, ముందు రోజు పనులు

ఏటా వేయించే రేబిస్ టీకా కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీ, 6 అడుగుల తాడు, మెడపట్టీ బదులు ఛాతీకి వేసే హార్నెస్, నీళ్ల గిన్నె, సబ్బు, ఈతచాప. ప్లాస్టిక్ చాప వాడొద్దు, కాలు జారుతుంది, చప్పుడు చేస్తుంది. ఎలర్జీ, ఆస్తమా ఉన్నాయేమో అడిగి తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి. "సిలబస్‌లో లేదు కదా మేడం" అని హెడ్మాస్టర్ గారు అంటే, ప్రాణుల పట్ల కరుణ చూపడం రాజ్యాంగంలో 51ఎ(జి) కింద పౌరుల ప్రాథమిక విధి అనీ, 1976లో 42వ సవరణతో చేర్చారనీ చెప్పండి. నాకు ఇంతవరకు ఆ మాట తర్వాత ఎవరూ కాదనలేదు.

పొద్దున్న 9 లోపే పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో అసలు వద్దు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగరుస్తూ ఒంటిని చల్లబరుచుకుంటుంది, సముద్రం పక్కన మన ఉక్కలో ఆ వగర్పు సరిగ్గా పనిచేయదు. తిండి 2 గంటల ముందే పెట్టేయండి. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో చేయండి, ఇంకా చిన్నవాళ్లకి ఆగడం రాదు, పెద్దవాళ్లు పక్కవాడి ముందు సిగ్గుపడి మనసు విప్పరు. క్లాసులో 40 మంది ఉంటే 5 సార్లు, వేర్వేరు రోజుల్లో చేయాలి. "అందరినీ ఒకేసారి కానిచ్చేద్దాం" అంటే ఒప్పుకోవద్దు.

ఫోన్లు బయట పెట్టించండి, టీచర్లవి కూడా. ఫొటో తీస్తున్నారంటే ప్రతివాళ్లూ కుక్కని హత్తుకోవాలని చూస్తారు, చాలా కుక్కలకి హత్తుకోవడం నచ్చదు, ఓర్చుకుంటాయంతే.

బిస్కెట్లు పిల్లల చేత పెట్టించొద్దు. దీని మీద నాతో చాలామంది వాదిస్తారు, బిస్కెట్ పెడితే కుక్క తొందరగా దగ్గరవుతుంది కదా అని. అదే ఇబ్బంది. తిండి ఆశకి, ఇష్టం లేకపోయినా వస్తుంది. అప్పుడు అది చెప్పే సంగతి ఏదీ మనకి కనబడదు. క్లాసులో ఒకడు ఇంకొకడి టిఫిన్ డబ్బా లాక్కుని, తర్వాత చాక్లెట్ ఇచ్చి "టీచర్‌కి చెప్పకురా" అనడం మనకి తెలియనిది కాదు. ఆ అలవాటు మనమే నేర్పొద్దు.

కుక్క రాకముందు

కుక్కని వరండాలో మీ మనిషి దగ్గర ఉంచి, పిల్లల్ని నేల మీద అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టండి. కుర్చీలు, బెంచీలు వద్దు. తలుపు తెరిచే ఉంచండి, చాపని తలుపుకి దగ్గరగా వేయండి. ఆ చాప బెల్లానిది, అది చాప మీద ఉన్నంతసేపు ఎవరూ పిలవకూడదు, ముట్టుకోకూడదు.

కుక్క ఎలా మాట్లాడుతుందో చెప్పడానికి 10 నిమిషాలు చాలు. తిండి లేకపోయినా ముక్కు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తల పక్కకి తిప్పడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం, చెవులు వెనక్కి పెట్టడం, ముందుకాలు ఒకటి ఎత్తి పట్టుకోవడం, అప్పటిదాకా వగరుస్తున్న నోరు టక్కున మూసేయడం, ఒళ్లు బిగపట్టడం. ఇవన్నీ ఒకరి చేత చేయించండి, మిగతావాళ్లు కనిపెట్టాలి. తోక ఊపితే ఇష్టమేనన్న నమ్మకాన్ని ఇక్కడే తీసేయాలి. ఒళ్లు మెత్తగా ఉండి, నడుం దాకా ఊగుతూ తోక ఊపితే సంతోషం. ఒళ్లు బిగుసుకుని, తోక నిలబెట్టి చిన్నగా ఊపితే దగ్గరికి వెళ్లకూడదు. ఈ తేడా బాగా గుర్తుండేలా చెప్పండి, తర్వాత దీనితో పని ఉంది.

అసలు కష్టం ఇక్కడ: కుక్క మొహం తిప్పుకున్నప్పుడు

బెల్లం లోపలికి వస్తుంది, తాడు నా చేతిలో వదులుగా ఉంటుంది, అది తన చాప మీద కూర్చుంటుంది. నేను పిలవను, పిల్లల్నీ పిలవనివ్వను. ఒక్కోసారి 3, 4 నిమిషాలు ఏమీ జరగదు, పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. ఆ మౌనాన్ని భరించలేకే సగం మంది పెద్దవాళ్లు క్లాసు చెడగొడతారు. ఆగండి. అది లేచి, తిరిగి, వాసన చూసి, ఒకరి దగ్గర ఆగుతుంది. ఆ పిల్లాడు చెయ్యి కిందగా, పక్కగా పెడతాడు, తల మీదికి చెయ్యి తేకూడదు. కుక్క చేతిని వాసన చూసి అక్కడే ఉంటే, భుజం దగ్గరో ఛాతీ మీదో మెల్లగా నిమరొచ్చు. మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకోవాలి. ఇక చూడాలి. కుక్క ముక్కుతో చేతిని పొడిస్తే, ఇంకా దగ్గరికి జరిగితే, మళ్లీ నిమరొచ్చు. తల తిప్పినా, ముక్కు నాక్కున్నా, లేచి వెళ్లినా, ఆ పిల్లాడి వంతు అయిపోయినట్టే.

వినడానికి ఇది తేలిగ్గా ఉంటుంది, జరిగేటప్పుడు చాలా కష్టం, పిల్లలకంటే మనకే. కుక్క పక్కకి వెళ్లగానే పిల్లాడి మొహం వాడిపోతుంది. మన చేతిలో తాడుంది, కాస్త లాగితే కుక్క వెనక్కి వస్తుంది, పిల్లాడు నవ్వుతాడు. దయచేసి లాగొద్దు. "రా రా, ఏమీ చేయడులే" అని లాగిన క్షణంలో, పెద్దవాళ్లు తలుచుకుంటే చిన్నవాళ్ల 'వద్దు'కి విలువ లేదని 8 మందికి చూపించేసినట్టే. అంతకుముందు బోర్డు మీద రాసిన పది నిమిషాల మాటలు చెరిపేసుకోవచ్చు.

"పాపం అది అలిసిపోయిందమ్మా" అని అబద్ధం కూడా చెప్పొద్దు. "దానికి ఇప్పుడు ఇష్టం లేదు" అనండి, అంతే. ఇంకో మాట కలపొద్దు. ఆ చిన్న నిరాశని పిల్లాడు మోయగలడు. కోరుకున్నది దొరకనప్పుడు ఎదుటివాళ్ల మీద కోపం తెచ్చుకోకుండా ఉండడం వాడు నేర్చుకునే చోటు ఇదే, మనం ఓదార్చి దాన్ని లాక్కోకూడదు.

ఒక మాట మాత్రం ఏ టీచరూ, ఏ తల్లీ అనకుండా ముందే హెచ్చరించండి: "చూశావా, మంచిపిల్లల దగ్గరికే వెళ్తుంది." ఎన్నిసార్లు విన్నానో. కుక్క ఒకరి దగ్గరికి వెళ్లడానికి వాళ్ల టిఫిన్ వాసన, వాళ్లు కూర్చున్న తీరు, వాళ్ల ఇంట్లో ఉన్న ఇంకో కుక్క, ఏదైనా కారణం కావచ్చు. ఆ ఒక్క మాటతో మీరు క్లాసులో ఒకరిని చెడ్డవాడని ముద్ర వేసేస్తారు, సాయంత్రం స్కూల్ ఆటోలో మిగతావాళ్లు "కుక్క కూడా నీ దగ్గరికి రాలేదు కదరా" అని ఏడిపిస్తారు. ఏ రోగానికి మందు వేయడానికి వెళ్లామో ఆ రోగాన్నే అంటించి వచ్చినట్టవుతుంది.

ఒక్కోసారి ఆ మాట మీ ముందే వస్తుంది, ఎవరో కిసుక్కున నవ్వుతారు. నవ్వినవాళ్లని తిట్టొద్దు. "బెల్లం ఇప్పుడు ఏం చెప్పింది, ఎవరు చూశారు?" అని అడిగి అందరి చూపూ కుక్క వైపు తిప్పండి. నవ్వులో పస పోతుంది.

కుక్క గుర్రుమంటే? ముందుగా, గుర్రుమనేదాకా తెచ్చుకున్నారంటే అంతకుముందు చెప్పిన అయిదారు సంగతులు మీరు చూడలేదన్నమాట. అయినా జరిగితే, మీరే మెల్లగా కుక్కకీ పిల్లలకీ మధ్యకి వెళ్లి, కుక్కని బయటికి తీసుకెళ్లండి. గుర్రుమన్నందుకు కుక్కని కొట్టొద్దు, అరవొద్దు. గుర్రుమనడం హెచ్చరిక. హెచ్చరించినప్పుడల్లా దెబ్బలు తిన్న కుక్క హెచ్చరించడం మానేస్తుంది, కరవాలనుకున్నప్పుడు నేరుగా కరుస్తుంది. దీన్ని పిల్లలకి విడమరిచి చెప్పండి, తర్వాతి భాగంలో ఇది చాలా ముఖ్యం.

నాలుగో తరగతి క్లాసు ఒకటి చెప్తాను. ఒక బాబు, క్లాసులో అందరికంటే పొడుగు, నిమురుతూ నిమురుతూ చెయ్యి తియ్యలేదు. బెల్లం ముక్కు నాక్కుంది. మొహం గోడవైపు తిప్పింది. వాడు ఇంకాస్త ముందుకి జరిగాడు. నేను నోరు విప్పబోతుండగా, పక్కన కూర్చున్న బక్కపలచని పాప "ఒరే, అది అటు చూస్తంది. దానికిష్టం లేదురా" అంది, గొంతు పెంచకుండా. వాడు చెయ్యి తీసి తొడ కింద పెట్టుకున్నాడు. బెల్లం ఒళ్లంతా దులుపుకుని చాప మీదికి వెళ్లిపోయింది. ఆరోజు మళ్లీ వాడి దగ్గరికి రాలేదు, వాడు "మళ్లీ వారం వస్తదా మేడం" అని మాత్రం అడిగాడు.

ఆ పాప అన్న మాటలాంటిది ఏ క్లాసులో వచ్చినా, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసుకోండి. ఫిన్లాండులో టుర్కు విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన కీవా అనే కార్యక్రమం ముఖ్యంగా ఇలాంటి పిల్లల మీదే పనిచేస్తుంది, అంటే ఏడిపించేవాడూ ఏడ్చేవాడూ కాకుండా చుట్టూ నిలబడి చూసేవాళ్ల మీద. ఏడిపించేవాడికి బలం వాళ్ల నవ్వే. వాళ్లలో ఒకరు మామూలు గొంతుతో "వాడికి ఇష్టం లేదురా" అంటే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది. ఆ మాట అనడానికి కావలసిన ధైర్యం ముందు కుక్క విషయంలో వస్తుంది, తోటివాడి విషయంలో తర్వాత వస్తుంది.

15 నిమిషాలకి మించి ఉంచొద్దు, ఎంత బాగా జరుగుతున్నా సరే. బాగా జరుగుతోంది కదా అని పొడిగించినప్పుడే ఎక్కువగా తేడా వస్తుంది.

కుక్క నుంచి క్లాసులోకి

ముందు బెల్లాన్ని బయటికి పంపేయండి. కుక్క గదిలో ఉండగా పిల్లలు మీ మాట వినరు.

రెండు కుక్కలు బీచ్‌లో దొర్లుతూ ఆడుకుంటున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. అది ఆటా, కొట్లాటా? ఎలా తెలుస్తుంది? పిల్లల్ని కాసేపు వాదించుకోనివ్వండి. తర్వాత చెప్పండి: పైన ఉన్నదాన్ని కాసేపు పట్టుకుని ఆపి చూడాలి. కిందున్నది లేచి మళ్లీ దాని మీదికే ఉరికిందంటే అది ఆట. సందు దొరికింది కదా అని తోక ముడుచుకుని వెళ్లిపోయిందంటే, ఇంతసేపూ దానికి అది ఆట కాదు. కుక్కల గురించి తెలిసినవాళ్లు నిజంగా చూసేది ఇలాగే.

ఇప్పుడు వాటర్ బాటిల్ సంగతి ఎత్తండి. ఒకడి బాటిల్ లాక్కుని నలుగురు విసురుకుంటారు, అందకుండా. ఏంట్రా అంటే "సరదాకి మేడం" అంటారు. ఒక్క నిమిషం ఆపి, బాటిల్ వాడి చేతికిచ్చి చూడండి. వాడు నవ్వుతూ మళ్లీ విసిరితే సరదాయే. బ్యాగులో పెట్టుకుని దూరంగా వెళ్లి కూర్చుంటే? పిల్లలు ఇక్కడ నిశ్శబ్దం అయిపోతారు. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "వాడు కూడా నవ్వుతున్నాడు కదా మేడం" అని. అప్పుడు తోక సంగతి గుర్తుచేయండి. తోక ఊగుతున్నా ఒళ్లు బిగుసుకుని ఉండొచ్చు. కళ్లజోడు పెట్టుకున్న పిల్లని "సోడాబుడ్డి" అంటే ఆ అమ్మాయి నవ్వుతుంది, నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని. నత్తి ఉన్నవాడిని అనుకరిస్తే వాడూ నవ్వుతాడు. నవ్వుతున్నారా అని కాదు, ఆపితే మళ్లీ వస్తారా అని చూడమనండి.

గుర్రుమనడం గురించి చెప్పారు కదా, అది ఇక్కడ కలపండి. రోజూ ఏడిపిస్తున్నారని ఒకడు ముందు మొహం తిప్పుకున్నాడు, తర్వాత "వద్దురా" అన్నాడు, తర్వాత టీచర్‌తో చెప్పాడు, "చిన్నచిన్నవాటికి కంప్లైంట్లేంటి" అనిపించుకున్నాడు. ఒకరోజు కంపాస్ బాక్స్ విసిరికొట్టాడు. శిక్ష వాడికే పడింది. ఈ మాట పిల్లలకంటే గది వెనక కూర్చున్న టీచర్లకి ఎక్కువ తగలాలి, అందుకే నేను క్లాస్ టీచర్ లేకుండా ఈ భాగం చేయను.

చేయకూడనివి ఇక్కడ కూడా ఉన్నాయి. "ఈ క్లాసులో ఎవరు ఎవరిని ఏడిపిస్తారు, చెప్పండి" అని ఎప్పుడూ అడగొద్దు, చెప్పినవాడు మర్నాడు దెబ్బలు తింటాడు. ఏడిపించేవాడిని పిచ్చికుక్కతో, ఏడ్చేవాడిని పాపం కుక్కతో పోల్చొద్దు, ఆ పేర్లు ఏడాదంతా అతుక్కుపోతాయి. అందరి ముందు సారీ చెప్పించొద్దు. ప్రతిజ్ఞలు చేయించొద్దు. పోస్టర్ పోటీలు పెట్టే స్కూళ్లంటే నాకు గౌరవమే గానీ, 'బుల్లీయింగ్ వద్దు' అని రంగురంగుల అక్షరాలు అందంగా రాసిన పిల్లాడే బెల్ కొట్టగానే పక్కమ్మాయి జడ లాగడం అందరూ చూస్తున్నదే. గెలిచినవాడికి బహుమతి ఇచ్చారు, వాడి చేతికి ఆగడం ఎవరూ నేర్పలేదు. కాలు విరిగిన కుక్కనో, గాయాలున్న కుక్కనో చూపించి పిల్లల్ని ఏడిపించే పద్ధతి కూడా నాకు నచ్చదు. జాలి ఆ పూటతో పోతుంది, పైగా జాలిపడేవాడు ఎప్పుడూ పైనే ఉంటాడు.

కుక్కంటే భయమున్నవాళ్లు, వద్దనేవాళ్లు

ప్రతి గుంపులో ఒకరిద్దరు ఉంటారు. బలవంతం చేయొద్దు, "అంత పెద్దవాడివి, భయమేంట్రా" అనొద్దు. తలుపుకి ఎదురు మూలలో కూర్చోబెట్టి ఒక నోటుబుక్కు ఇవ్వండి. బెల్లం ఎన్నిసార్లు ముక్కు నాక్కుంది, ఎన్నిసార్లు తల తిప్పింది రాయడం వాళ్ల పని. భయపడే పిల్లలు మిగతావాళ్లకంటే బాగా గమనిస్తారు, చివర్లో వాళ్ల లెక్కే అందరూ వింటారు.

ఇంట్లో కుక్కని ముట్టుకోవద్దనే కుటుంబాలూ ఉంటాయి, వాళ్ల మాటని గౌరవించండి. వాళ్లకి సింహాచలం గోశాల మంచి దారి. అప్పన్నకి భక్తులు సమర్పించే కోడెదూడలు అక్కడ ఉంటాయి, దూడ దగ్గరికి ఎదురుగా కాకుండా పక్కనుంచి వెళ్లడం, అది వెనక్కి అడుగేస్తే మనమూ వెనక్కి అడుగేయడం, ఇదే పాఠం. అక్కడివాళ్ల అనుమతి ముందే తీసుకోండి. అసలు ముట్టుకోకుండా చేయాలంటే జనవరి నుంచి ఏప్రిల్ మధ్య మన తీరం ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి, అటవీ శాఖ వాళ్లు వాటిని హేచరీల్లో కాపాడి, తాబేలు పిల్లలు బయటికొచ్చాక సముద్రం వైపు వదులుతారు. వాళ్లు చెప్పిన దూరంలో నిలబడి, టార్చి వెయ్యకుండా, ఎత్తి నీళ్లలో పెట్టాలన్న ఆశని ఆపుకుని చూడడం మూడో తరగతి పిల్లలకి చిన్న పని కాదు.

గోరు గీరుకున్నా, పన్ను తగిలినా

దాచొద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి కడగండి. పసుపు, కాఫీ పొడి, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. కుక్కకి టీకా వేయించాం కదా అని ఊరుకోకుండా అదే రోజు కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆసుపత్రి), దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికో తీసుకెళ్లి డాక్టర్ చెప్పినట్టు చేయండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం, టీకా సమయానికి పడితే భయం లేదు. తల్లిదండ్రులకి ఫోన్ చేయాల్సింది మీరే, స్కూలు వాళ్లకి వదిలేయొద్దు. ఈ కడిగే పద్ధతిని పిల్లలకి ఎలాగూ నేర్పండి, వీధిలో ఎప్పుడైనా అవసరం పడొచ్చు.

క్లాసు అయ్యాక

అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కుక్కని ముట్టుకోనివాళ్లు కూడా. బెల్లానికి ఆ రోజు, మర్నాడు సెలవు. వారం తర్వాత కుక్క లేకుండా ఒక్కసారి వెళ్లండి. "ఆపి చూశారా ఎవరైనా?" అని మాత్రం అడగండి. ఇంటర్వెల్‌లో పిల్లలు ఆడుకుంటుంటే క్లాస్ టీచర్ కూడా అలా ఆపి చూడాలి, అది చేయని స్కూల్లో ఈ పాఠం నెల తిరిగేసరికి ఇంకిపోతుంది.

ఇంకొకటి జరుగుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. చెప్పులేసుకుంటున్నప్పుడో, మీరు ఆటో ఎక్కబోతున్నప్పుడో ఒక పిల్లో పిల్లాడో వెనకే వచ్చి, కుక్క గురించి అడుగుతున్నట్టు మొదలుపెట్టి, వేరే సంగతి చెప్తారు. ఆటోలో ఎవరో ఏదో చేస్తున్నారని, ఇంట్లో ఎవరో కొడుతున్నారని. ఆగి వినండి, మధ్యలో ప్రశ్నలు వేయొద్దు, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వొద్దు, ఎందుకంటే చెప్పాల్సి రావొచ్చు. "నువ్వు చెప్పడం మంచిదైంది, నీకు సాయం చేసేవాళ్లతో మాట్లాడతాను" అనండి. అదే రోజు హెడ్మాస్టర్‌తో ఒంటరిగా మాట్లాడండి, స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు కాదు. పిల్లకి ఇంట్లోగానీ స్కూల్లోగానీ ప్రమాదం ఉందనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి మీరే ఫోన్ చేయండి. వారం తర్వాత వెళ్లినప్పుడు ఆ పిల్ల గురించి ఏం చేశారో మళ్లీ అడగండి.